నలభై డాలర్ల తమంచా

మా దుల్హాభాయ్ డాలస్ పక్కన ఇర్వింగ్‌లో చాలా ఏళ్ళు ఒక పెట్రోల్ బంకు దుకాన్ చూసుకున్నారు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, లాటరీ టికెట్లు. రాత్రి పదకొండు దాకా కౌంటర్ దగ్గర ఒక్కరే. ఆ కౌంటర్ కింద, చిల్లర డబ్బా వెనక, పాత తువాలులో చుట్టిన పిస్తోలు ఒకటి ఉండేది. 2014లో ఆపాని చూడ్డానికి వెళ్ళినప్పుడు దాన్ని చూశాను. ఆదివారం నాష్తా అయ్యాక దుల్హాభాయ్ దాన్ని బయటికి తీసి, మ్యాగజైన్ లాగేసి, లోపల తూటా లేదని రెండుసార్లు చూసి, టేబుల్ మీద పెట్టారు.

"చూడు మియాఁ, ముట్టుకోకు. నీది విజిటర్ వీసా. నీ చేతిలో ఇది ఉంటే ఇక్కడ జుర్మ్" అన్నారు.

నిజమే. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో ఒకటి ఉంటే తప్ప, చూడ్డానికి వచ్చినవాడు అక్కడ తుపాకీ పట్టుకోకూడదు. అమెరికాలో ఎవరికైనా తుపాకీ దొరుకుతుందని మనం అనుకుంటాం గానీ, ఎవరికి దొరకాలి, ఎవరికి దొరక్కూడదు అనే లెక్క అక్కడా ఉంది. ఈ వ్యాసం ఆ లెక్క గురించే.

సబ్బుబిళ్ళ కన్నా కాస్త పొడుగుంది. అరచేతిలో దాగిపోతుంది. వెండి రంగు పూత అంచుల్లో లేచిపోయి కింద బూడిద రంగు లోహం కనిపిస్తోంది. ఎంతకి కొన్నారని అడిగాను.

"నలభై డాలర్లు. సెకండ్ హ్యాండ్. పాన్ షాపులో."

పాన్ షాపు అనగానే నాకు మన కర్నూలు కిళ్ళీ బడ్డీ గుర్తొచ్చింది. అక్కడ ఆ మాటకి కుదువ దుకాణం అని అర్థమట. ఆపా పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "ఆ వారం మా సౌదాకే అంతకన్నా ఎక్కువైంది రా" అంది.

ఆయన కొన్నది 2001 అక్టోబర్‌లో. ఎందుకో చెప్పాలి. సెప్టెంబర్ 11 తర్వాత నాలుగు రోజులకే డాలస్‌లో వకార్ హసన్ అనే పాకిస్తానీ దుకాన్‌దార్‌ని ఆయన కిరాణా కొట్లోనే కాల్చి చంపారు. ఇంకో ఆరు రోజులకి రయీస్ భుయ్యాన్ అనే బంగ్లాదేశీ యువకుడు బంకు కౌంటర్ వెనక నిలబడి ఉండగా ముఖం మీద కాల్పులు తగిలి ఒక కన్ను పోగొట్టుకున్నాడు. అక్టోబర్ మొదట్లో పక్కనే మెస్కీట్‌లో వాసుదేవ్ పటేల్ చనిపోయాడు. ముగ్గురినీ కాల్చినవాడు ఒక్కడే. (పదేళ్ళ తర్వాత వాడికి మౌత్ శిక్ష వద్దని అదాలత్ మెట్లెక్కింది ఆ రయీస్ భుయ్యానే. ఆ కథ ఇంకో రోజు రాస్తాను.) అలాంటి నెలలో, రాత్రి కౌంటర్ దగ్గర ఒంటరిగా నిలబడే గడ్డం మనిషి నలభై డాలర్లు పెట్టి హిఫాజత్ కొనుక్కున్నాడంటే తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ జాన్ కాపాడుకోడానికి కొన్న వస్తువు అంత సస్తాగా ఎలా వచ్చింది? ఎవరు చేశారు దాన్ని?

తారీఖ్‌లోకి వెళ్ళేముందు ఒక లఫ్జు సంగతి. మా ఉర్దూ కితాబుల్లో పిస్తోలుని తమంచా అనేవాళ్ళు. తుర్కులు ఇప్పటికీ పిస్తోలుని తబంజా అనే అంటారు. అంత ఇజ్జత్ ఉన్న లఫ్జు మన దగ్గరికొచ్చి తపంచా అయ్యి, క్రైమ్ వార్తల్లో నాటు తుపాకీకి పేరైపోయింది. పత్రికలో చేరిన కొత్తలో "తపంచాతో బెదిరించి" అని నేనే ఎన్నిసార్లు రాశానో. ఖరీదు తగ్గితే లఫ్జుకి కూడా ఇజ్జత్ తగ్గుతుంది కాబోలు.

జేబు పిస్తోలుకి అసలు కారీగర్ జాన్ బ్రౌనింగ్. అమెరికాలో యూటా రాష్ట్రం, ఆగ్డెన్ ఊరు. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. బ్రౌనింగ్ గీసిన నమూనాతో బెల్జియంలోని ఎఫ్.ఎన్. ఫ్యాక్టరీ 1900 ప్రాంతంలో .32 పిస్తోలు తెచ్చింది. కొన్నేళ్ళకే ఇంకా చిన్నది, వాస్కట్ జేబులో పట్టే .25 వచ్చింది. 1908 నుంచి అమెరికాలో కోల్ట్ కంపెనీ దాన్ని తన పేరుతో అమ్మింది. .25 అంటే గుండు అడ్డకొలత అంగుళంలో పావు వంతు. బరువు 50 గ్రెయిన్లు, అంటే మూడు గ్రాముల పైచిలుకు. ఎన్‌సీసీలో మేము పేల్చిన .22 తూటాకీ దీనికీ బలంలో పెద్ద ఫర్క్ లేదు.

ఆ బలహీనతే ఈ పిస్తోలుకి బరకత్ అయింది. పెద్ద తూటా పేల్చే పిస్తోలులో, పేలే క్షణంలో వెనక భాగాన్ని బిగించి పట్టే ఏర్పాటు ఒకటి కావాలి. .25కి అది అక్కర్లేదు. గుండు ముందుకి పోతుంటే ఖాళీ తొడుగు వెనక్కి తన్నుతుంది. పైనున్న స్లైడ్ తన బరువుతో, స్ప్రింగు బలంతో ఆ తన్నుని ఆపుకుని, వెనక్కి జరిగి, తొడుగుని బయటికి విసిరి, తిరిగొస్తూ ఇంకో తూటాని గొట్టంలోకి తోస్తుంది. అంతే పని. ఇంత సాదా మషీన్‌ని నకలు కొట్టకుండా ఎవరుంటారు? స్పెయిన్‌లో ఐబార్ అనే ఊళ్ళో వర్క్‌షాపులన్నీ దీనిమీద పడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పిస్తోళ్ళు చాలక ఫ్రాన్స్ ఫౌజు అక్కడినుంచే రూబీ అనే .32 పిస్తోళ్ళు లక్షల్లో తెప్పించుకుంది.

సస్తా హథియార్ అంతకుముందూ లేకపోలేదు. 1901లో ప్రెసిడెంట్ మెకిన్లీని కాల్చినవాడు తన .32 ఐవర్ జాన్సన్ రివాల్వర్‌ని నాలుగున్నర డాలర్లకి కొన్నాడు. ప్రెసిడెంట్ ప్రాణమూ పోయింది, సస్తా రివాల్వర్ల కారోబారూ సాగింది.

నన్ను ఆపేసిన సంగతి అంతకన్నా పాతది. 1879లో టెన్నెసీ రాష్ట్రం ఒక కానూన్ తెచ్చింది. జేబు పిస్తోళ్ళు, నడుం పిస్తోళ్ళు అమ్మకూడదు. ఆర్మీ, నేవీ వాడే పెద్ద పిస్తోళ్ళు మాత్రం అమ్మొచ్చు. చదవగానే మంచి కానూన్‌లాగే ఉంటుంది, ఎక్కడా రంగు పేరు లేదు, జాతి పేరు లేదు. కానీ ఆర్మీ, నేవీ పిస్తోళ్ళు ఎవరి ఇంట్లో ఉన్నాయి? అంతర్యుద్ధంలో పోరాడి ఇంటికి తెచ్చుకున్న తెల్ల సిపాయీల దగ్గర, కొనగల స్తోమత ఉన్నవాళ్ళ దగ్గర. గులామీ నుంచి అప్పుడే బయటపడిన నల్లవాళ్ళకీ, తెల్లవాళ్ళలో గరీబులకీ అందేది చిన్న పిస్తోలే. ఆ కానూన్ వెనక నియ్యత్ ఏంటన్నదాని మీద పరిశోధకులు ఇప్పటికీ వాదించుకుంటారు. దాని అసర్ ఎవరి మీద పడిందో చెప్పడానికి అంత పరిశోధన అక్కర్లేదు.

దానికి సరిగ్గా ఏడాది ముందు, 1878లో, మన దేశంలో లార్డ్ లిట్టన్ హుకూమత్ ఆయుధాల చట్టం తెచ్చింది. హిందుస్తానీకి తుపాకీ కావాలంటే లైసెన్స్ కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. అదే ఏడాది అదే లిట్టన్ దేశీ భాషల పత్రికల నోరు కట్టే కానూన్ కూడా తెచ్చాడు. అందులోనూ ఇంగ్లీషు పత్రికలకి మినహాయింపు. పత్రికల మీది కానూన్ నాలుగేళ్ళలోపే పోయింది. ఆయుధాలది ఆజాదీ వచ్చాక కూడా ఉండి, 1959లో కొత్త చట్టం వచ్చేదాకా నడిచింది. ఉర్దూలో చదివి తెలుగులో రాసుకుని బతికే నాకు, ఆ రెండు కానూన్లూ ఒకే ఏడాది పుట్టడం కాకతాళీయం అనిపించదు.

మళ్ళీ అమెరికాకి. 1960లలో జర్మనీ, స్పెయిన్, ఇటలీల నుంచి చవక పిస్తోళ్ళు అక్కడికి కుప్పలుగా వచ్చేవి. పోలీసులూ పత్రికలూ వాటికి "శనివారం రాత్రి స్పెషల్" అని పేరు పెట్టారు. నల్లవాళ్ళ పేటల్లో శనివారం రాత్రి తాగి కాల్చుకుంటారు అనే ఎగతాళి ఆ పేరులో ఉందని చాలామంది అంటారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌నీ, రాబర్ట్ కెనడీనీ కాల్చి చంపారు. కెనడీని చంపింది .22 రివాల్వరే. అది బయటి దేశానిది కాదు, అమెరికాలోనే చేసింది. అయినా ఆ అక్టోబర్‌లో ప్రెసిడెంట్ జాన్సన్ సంతకం పెట్టిన కానూన్ బయటినుంచొచ్చే చిన్న పిస్తోళ్ళకి దర్వాజా మూసింది. ఆటలకి పనికొచ్చే పిస్తోళ్ళే రావాలి. పొడుగుకి ఇన్ని మార్కులు, బరువుకి ఇన్ని మార్కులు, 75 దాటితే పాస్. జేమ్స్ బాండ్ పట్టుకునే వాల్తర్ పీపీకే కూడా ఫెయిలైంది. జర్మన్ కంపెనీ ఏం చేసింది? కాస్త ఎత్తున్న వేరే మోడల్ పిడికి ఈ పైభాగం తగిలించి, పేరు చివర ఒక అక్షరం చేర్చి పాస్ చేయించుకుంది. ఖరీదైనదానికి దారి ఎప్పుడూ దొరుకుతుంది.

రాబర్ట్ షెరిల్ అనే జర్నలిస్టు 1973లో ఈ పిస్తోలు పేరుతోనే ఒక కితాబు రాశాడు. 1968 కానూన్ అదుపు చేయాలనుకున్నది తుపాకుల్ని కాదు, నల్లవాళ్ళని అని అతని వాదన. తుపాకుల్ని ఇష్టపడే మనిషి కాడు అతను. అందుకే ఆ మాట పట్టించుకోవాల్సొచ్చింది.

దర్వాజా బయటివాళ్ళకే మూశారు. లోపల చేసేవాళ్ళకి ఆ మార్కుల పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో జార్జ్ జెన్నింగ్స్ అనే మెషినిస్టుకి అది కనిపించింది. 1970లో రేవెన్ ఆర్మ్స్ పేరుతో కంపెనీ పెట్టి .25 పిస్తోలు మొదలుపెట్టాడు. అసలు కిటుకు జింకులో ఉంది. ఉక్కు దిమ్మెని గంటల తరబడి చెక్కే బదులు, కరిగిన జింకు మిశ్రమాన్ని అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తే దాదాపు తయారైపోయిన భాగం బయటికొస్తుంది. పిల్లల బొమ్మ కార్లు, జిప్పులు, కుళాయి పిడులు చేసే పద్ధతే. గొట్టం లాంటి కొన్ని ముక్కలు ఉక్కువి, మిగిలింది పోత. .25 తూటా బలహీనం కాబట్టి ఆ పోత తట్టుకుంటుంది.

ఆ జెన్నింగ్స్ కొడుకు, అల్లుడు, బంధువులు, దోస్తులు తలా ఒక కంపెనీ పెట్టారు. జెన్నింగ్స్, బ్రైకో, డేవిస్, లోర్సిన్, అన్నీ లాస్ ఏంజలిస్ చుట్టూనే. గారెన్ వింటెమ్యూట్ అనే డాక్టర్, ఎమర్జెన్సీ వార్డులో గుండు దెబ్బలు చూసే మనిషి, 1994లో వీటి గురించి రిపోర్టు రాస్తూ "నిప్పుల వలయం" అని పేరు పెట్టాడు. 1990ల మొదట్లో అమెరికాలో తయారయ్యే చేతి తుపాకుల్లో దాదాపు మూడోవంతు ఈ కొద్ది ఖాన్‌దాన్ ఫ్యాక్టరీలవే.

ఇంకో సంగతి వింటే మీరు నమ్మరు. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ కమిషన్ ఒకటుంది. పిల్లాడు ఆడుకునే బొమ్మ పిస్తోలు బాగా లేకపోతే అది వెనక్కి తెప్పిస్తుంది. అసలు పిస్తోలు జోలికి మాత్రం పోలేదు. 1972 కానూన్‌లోనే తుపాకులకి మినహాయింపు రాసుంది. కొన్ని రాష్ట్రాలు తమకి తోచిన దారి వెతుక్కున్నాయి. ఇల్లినాయ్, సౌత్ కరోలినాల్లో 800 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా తక్కువ వేడికి కరిగే పోత పిస్తోలు దుకాణాల్లో అమ్మకూడదు. జింకు మిశ్రమం అంతకన్నా ముందే కరుగుతుంది. మేరీలాండ్‌లో ఒక కిరాణా దుకాన్‌లో పనిచేసే మనిషి, దొంగ కాల్పుల్లో జఖమీ అయ్యి, ఆ రివాల్వర్ చేసిన కంపెనీ మీద ముకద్దమా వేశాడు. 1985లో అక్కడి పెద్ద అదాలత్ అతని వైపు నిలబడింది. మూడేళ్ళ తర్వాత కొత్త కానూన్ వచ్చి, ఆ బాధ్యత తీసేసి, ఏ పిస్తోళ్ళు అమ్మొచ్చో జాబితా పెట్టింది. కౌంటర్ వెనకున్నవాడు భయంతో కొనేదీ సస్తా పిస్తోలే, కౌంటర్ ముందున్నవాడు అతని మీద ఎక్కుపెట్టేదీ అదే.

ఇక మేము కాల్చిన రోజు. అంటే దుల్హాభాయ్ కాల్చిన రోజు, నేను అద్దం వెనక నిలబడ్డాను. పదమూడేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా పేల్చలేదట. "పనిచేస్తుందో లేదో తెలీని దాని మీద ఇన్నేళ్ళు తవక్కల్ పెట్టుకున్నారా?" అని నేనే రెచ్చగొట్టి రేంజికి తీసుకెళ్ళాను. కాగితం బొమ్మని ఐదు గజాల దూరంలో వేలాడదీశారు. మొదటి రెండు గోలీలు పేలాయి. మూడోది పేలాక ఖాళీ తొడుగు బయటికి పోకుండా స్లైడ్‌లో నిట్టనిలువుగా ఇరుక్కుంది. తీసి మళ్ళీ ఎక్కించారు. ఐదోదానికి మళ్ళీ అదే. ఆరింటికి రెండుసార్లు ఆగింది. పేలిన వాటిలో ఒక్కటి బొమ్మ భుజానికి తగిలింది. కంపెనీ పేరు రాయను. పాత సరుకు, పదమూడేళ్ళుగా నూనె చుక్క ఎరగదు, కసూర్ అంతా దానిదే అనలేను.

నేను నవ్వాను. అక్కడ పనిచేసే ముసలాయన, నల్లాయన, నవ్వలేదు. తన తల్లి ఇలాంటిదే పరుపు కింద పెట్టుకుని పడుకునేదని, ఆ పేటకి పిలిస్తే పోలీసులు వచ్చేవాళ్ళు కాదని దుల్హాభాయ్‌తో అన్నాడట. కారెక్కాక ఆయన ఆ మాట నాకు చెప్పారు. తిరుగుదారి అంతా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆపా మాత్రం ఇంకో సవాల్ వేసింది. "కావలసినప్పుడు పేలకపోతే మీ నసీబు. అక్కర్లేనప్పుడు పేలితే?"

ఆ సవాల్‌కి జవాబు కాలిఫోర్నియాలో విల్లిట్స్ అనే చిన్న ఊళ్ళో ఉంది. 1994లో ఒక ఇంట్లో ఏడేళ్ళ బాబుని చూసుకుంటున్న యువకుడు, పిల్లాడున్న ఇంట్లో ఎందుకని, బ్రైకో .380 పిస్తోలులోంచి తూటాలు తీసేయబోయాడు. అంటే జాగ్రత్త పడబోయాడు. ఆ మోడల్‌లో సేఫ్టీ మీట వేసి ఉంటే స్లైడ్ కదలదు. ఖాళీ చేయాలంటే మీటని పేలే వైపుకే తిప్పాలి. మొదట్లో అలా లేదు. సేఫ్టీ వేసి తూటా ఎక్కిస్తుంటే ఇరుక్కుపోతోందని, ఆ లోపం సరిచేసే బదులు మీటనే అలా మార్చారు. అతను మీట తిప్పాడు, స్లైడ్ లాగాడు, వేలు జారింది. గుండు పిల్లాడి గదమలోంచి వెన్నులోకి పోయింది. మెడ కింద మొత్తం చచ్చుబడింది.

2003లో జ్యూరీ దాదాపు 5 కోట్ల డాలర్ల హర్జానా లెక్కకట్టింది. కసూర్‌ని తల్లిదండ్రులకీ, ఆ యువకుడికీ కూడా పంచింది, పెద్ద వాటా కంపెనీ వైపు వేసింది. వెంటనే కంపెనీ దివాలా పిటిషన్ పెట్టింది. 2004లో ఫ్యాక్టరీ సామాను, సగం తయారైన పిస్తోళ్ళు వేలానికొచ్చాయి. అప్పటికి ఆ బాబుకి పదిహేడేళ్ళు. చందాలు పోగుచేసి, ఆ ఫ్యాక్టరీని కొని, ఉన్న పిస్తోళ్ళన్నీ కరిగించేయాలని అతని వైపు నుంచి వేలం పాడారు. 5 లక్షల 10 వేల డాలర్లకి పాట ఇంకొకరు గెలిచారు. గెలిచింది ఆ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా పనిచేసిన పాల్ హిమెనెజ్. కాలిఫోర్నియాలో అప్పటికే పిస్తోలుని కింద పడేసి, వందల తూటాలు పేల్చి పరీక్షించే కానూన్ అమల్లో ఉంది. ఆయన కారోబార్‌ని నెవడాకి తీసుకెళ్ళి, తన పేరు పెట్టుకుని అలాంటి పిస్తోళ్ళే చేశాడు. 2020లో ఆ కంపెనీ కూడా దివాలా తీసింది.

ఇదంతా రాత్రి భోజనాలయ్యాక దుల్హాభాయ్‌కి చదివి వినిపిస్తే, ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "సరే మియాఁ. మరి మంచి పిస్తోలు ఐదొందల డాలర్లు. 2001లో ఆ ఐదొందలు నా దగ్గర లేవు. ఉన్నవాడికే జాన్ ఉంటుందా?"

ఆ మాటని తేలిగ్గా తీసేయలేను. షికాగోలో 1982 నుంచి చేతి తుపాకీ ఇంట్లో పెట్టుకోవడమే నిషేధం. దాని మీద గెలిచింది ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే రిటైరైన నల్ల కార్మికుడు. ఇంట్లో దొంగలు పదేపదే పడుతున్నారని 76 ఏళ్ళ వయసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2010 తీర్పులో జస్టిస్ అలీటో, గులామీ పోయాక నల్లవాళ్ళ చేతుల్లోంచి తుపాకులు లాక్కున్న తారీఖ్ అంతా రాశాడు. మన దగ్గరా చూడండి. ఢిల్లీ ఘటన తర్వాత 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ హిఫాజత్ కోసమని నిర్భీక్ అనే అరకిలో .32 రివాల్వర్ తెచ్చింది. ధర 1,22,360 రూపాయలు. పైన లైసెన్స్ తిప్పలు వేరే. రాత్రి షిఫ్టు ముగించుకుని ఆటో కోసం నిలబడే ఏ ఆడకూతురు కొంటుంది దాన్ని?

కానీ నా లెక్కలో దుల్హాభాయ్ సవాల్‌లో ఒక మెలిక ఉంది. గరీబుకి పిస్తోలు అందకుండా ధర అడ్డం పెట్టడం జుల్మ్. నిజమే. అదే గరీబుకి, పేలాల్సినప్పుడు ఇరుక్కుని, ఖాళీ చేయబోతే పేలే జింకు ముక్కని హిఫాజత్ అని చెప్పి అమ్మడం ఇంకేమిటి? టెన్నెసీ కానూన్ రాసినవాళ్ళకీ, ఈ పోత పిస్తోలు పోసినవాళ్ళకీ గరీబోడి జాన్ విలువ ఒక్కలాగే కనిపించింది. కుళాయిని పరీక్షించి అమ్మే దేశంలో పిస్తోలుని పరీక్షించకపోవడం గరీబుకి ఇచ్చిన ఆజాదీ అని నేను ఒప్పుకోను. ఆయన ఒప్పుకోలేదు. ఆపా ఇద్దరికీ చాయ్ పోసి, "పిల్లాడు నిద్రపోయాడు, గొంతులు తగ్గించండి" అంది.

దుల్హాభాయ్ 2019లో దుకాన్ అమ్మేశారు. అన్నేళ్ళలో ఆ పిస్తోలు తీయాల్సిన అవసరం రాలేదు, అల్హందులిల్లాహ్. దుకాన్ కొన్న కుర్రాడు, మన నల్గొండ వైపు అబ్బాయే, దాన్ని కూడా ఇచ్చేయమన్నాడట. ముప్ఫై డాలర్లు ఇస్తానన్నాడట. దుల్హాభాయ్ రెండ్రోజులు ఆలోచించి ఇవ్వలేదు. తెలిసిన వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, దగ్గరుండి, మిషన్‌తో అడ్డంగా కోయించారు.

ఆపా వాట్సాప్‌లో ఫోటో పంపింది. కాగితం మీద నాలుగు ముక్కలు. కోసినచోట లోహం తెల్లగా, రవ్వలాగా ఉంది. కింద ఆమె గొంతు: "వంటింటి తక్కెడలో వేసి చూశా రా. అరకిలో కూడా లేదు. ఇన్నేళ్ళు దీనికోసమా నాకు నిద్ర పట్టనిది?"